టేబుల్ కనిపిస్తే చేతులు బిగుసుకుపోతున్నాయి

ప్రశ్న

34 ఏళ్ల పాఠకురాలు ఒకరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టొద్దని కోరారు. అందులో ముఖ్యమైన సంగతులు ఇవి.

"పదకొండేళ్లుగా ఈవెంటింగ్ అనే గుర్రపు పోటీల్లో ఉన్నాను. ఉద్యోగం చేసుకుంటూనే పోటీలకు వెళ్తుంటాను. నాకు తొమ్మిదేళ్ల ఆడగుర్రం ఉంది. ఆరేళ్ల బాబు ఉన్నాడు. నాలుగు నెలల కిందట ఒక పోటీలో, క్రాస్ కంట్రీ రోజున, నా స్నేహితురాలు చనిపోయింది. టేబుల్ ఫెన్సుకు, అంటే వెడల్పాటి బల్లలా కట్టిన కదలని అడ్డుకు, గుర్రం ముంగాళ్లు తగిలి, పల్టీ కొట్టి తన మీద పడింది. అప్పుడు నేను వార్మప్‌లో ఉన్నాను. పోటీ ఆపేశామని మైకులో చెప్పారు. ఎవరికో ఏదో అయిందనుకున్నాను గానీ తనకని అనుకోలేదు.

ముందురోజు సాయంత్రం ఇద్దరం కోర్సంతా, అంటే మర్నాడు గుర్రాలు దూకుతూ వెళ్లాల్సిన దారంతా, నడిచి చూశాం. ఆ టేబుల్ దగ్గర నేనే అన్నాను, 'ఇది ఊపిరి పీల్చుకోడానికి పెట్టిన ఫెన్సు, దీని గురించి ఆలోచించక్కర్లేదు' అని. పొద్దున తన వాచ్ పనిచేయకపోతే నాది ఇచ్చాను. వారం తర్వాత ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి తిరిగి ఇచ్చారు. టైమర్ ఇంకా నడుస్తూనే ఉంది. ఇప్పటికీ ఆపలేదు.

నెల తర్వాత ప్రాక్టీస్ మొదలుపెట్టాను. మిగతా ఫెన్సులు బాగానే దూకుతున్నాం. టేబుల్ కనిపిస్తే మాత్రం చివరి మూడు స్ట్రయిడ్లలో, అంటే గుర్రం అంగల్లో, నా చేతులు వాటంతటవే పగ్గాలు లాగేస్తున్నాయి. గుర్రం రెండుసార్లు ఆగిపోయింది. రెండోసారి ఆగినప్పుడు నేను ముందుకు పడ్డాను. తలకు కాస్త తగిలింది గానీ పెద్దగా ఏం కాలేదు, రెండు రోజులకే మళ్లీ ఎక్కాను. నిద్ర సరిగా పట్టడం లేదు. ఆఫీసులో స్క్రీన్ చూస్తే తలనొప్పి, చిన్నదానికే చిరాకు. అంతా దిగులు వల్లేనని తెలుస్తూనే ఉంది.

ఎనిమిది వారాల్లో పై స్థాయి పోటీ ఉంది. ఎంట్రీ కట్టేశాను. 'ఇప్పుడు వెనక్కి తగ్గితే ఇక ఎప్పటికీ ముందుకు రాలేవు' అంటున్నారు మా కోచ్. మా ఆయన, 'నీకు గుర్రం ముఖ్యమా, బాబు ముఖ్యమా?' అని అడిగారు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అలా చెప్పలేకపోయినందుకే ఎక్కువ బాధగా ఉంది. నేను పిరికిదాన్నైపోయానా? లేక ఇన్నాళ్లూ మూర్ఖంగా ఉన్నానా?"

సమాధానం

మీ ఆరు పేజీల్లో నన్ను భయపెట్టింది టేబుల్ కాదండీ. 'తలకు కాస్త తగిలింది గానీ పెద్దగా ఏం కాలేదు' అన్న ముక్క. దాని తర్వాత మీరు రాసినవి ఇంకోసారి చదువుకోండి. నిద్ర పట్టదు, స్క్రీన్ చూస్తే తలనొప్పి, చిన్నదానికే చిరాకు. దిగులు వల్ల ఇవన్నీ వస్తాయి, నిజమే. తలకు దెబ్బ తగిలి మెదడు కుదుపుకు లోనైతే, అంటే కంకషన్ అయితే, అప్పుడూ ఇవే వస్తాయి. రెండూ కలిసి కూడా ఉండొచ్చు. ఉత్తరం చదివి ఏది ఏదో చెప్పడం నావల్ల కాదు. మీవల్లా కాదు, మీ కోచ్ వల్ల అసలే కాదు. కంకషన్‌ అవడానికి స్పృహ తప్పనక్కర్లేదు. స్కాన్‌లో ఏమీ కనబడకపోయినా అది ఉండొచ్చు. మొదటి దెబ్బ పూర్తిగా తగ్గకముందే ఇంకో దెబ్బ తగిలితే కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు. అరుదుగానైనా ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. అదీగాక కంకషన్ ఉన్నన్నాళ్లూ ఒంటి బ్యాలన్సూ, చటుక్కున స్పందించే వేగమూ తగ్గుతాయి. గుర్రం మీద మనకున్న ఆస్తి ఆ రెండే.

కాబట్టి మిగతా విషయాలేవీ తేలకముందే ఈ వారంలో ఒక న్యూరాలజిస్టును కలవండి. ఎప్పుడు పడ్డారో, తల ఎటువైపు తగిలిందో, ఆ తర్వాత ఒంట్లో ఏమేం మారిందో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. మీ ఆయన్ని కూడా తీసుకెళ్లండి. మీ చిరాకు ఎప్పటి నుంచి ఎక్కువైందో మీకన్నా ఆయనకే బాగా తెలుస్తుంది. డాక్టర్ సరేననే దాకా గుర్రం ఎక్కొద్దు. ఆ రోజు పెట్టుకున్న హెల్మెట్ పక్కన పడేయండి. పైకి గీత కూడా లేకపోవచ్చు, లోపలి నురుగు పొర మాత్రం ఒక్క దెబ్బకే తన పని చేసేసి ఉంటుంది.

ఇక మీరు అడిగిన సంగతికి వస్తాను. ఈవెంటింగ్ తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ఇందులో ఒకే గుర్రం, ఒకే రౌతు మూడు పరీక్షల్లో నెగ్గాలి. డ్రెస్సేజ్‌లో కుదురు, షో జంపింగ్‌లో మీద పెట్టిన కర్రలు పడకుండా దూకడం, మధ్యలో క్రాస్ కంట్రీ. పొలాలూ వాగులూ గట్లూ దాటుకుంటూ దౌడు తీసే పరీక్ష అది. ఒలింపిక్స్ షో జంపింగ్‌లో ఫెన్సులు 1.65 మీటర్ల దాకా ఉంటాయి. క్రాస్ కంట్రీలో అత్యున్నతమైన 5 స్టార్ స్థాయిలో కూడా ఫెన్సు గట్టి భాగం 1.20 మీటర్లు దాటదు. అంకెలు చూస్తే క్రాస్ కంట్రీయే తేలికనిపిస్తుంది. అయితే షో జంపింగ్ కర్ర గుర్రం డెక్క తగిలితే కింద పడుతుంది. క్రాస్ కంట్రీ దుంగ కదలదు. పైగా 5 స్టార్ కోర్సులో వేగం నిమిషానికి 570 మీటర్లు, అంటే గంటకు 34 కిలోమీటర్లు.

నేను చాలా ఏళ్లు పోటీల్లో ఫెన్స్ జడ్జిగా, అంటే ఫెన్సు దగ్గర ఉండి ఎవరెలా దూకారో రాసుకునే మనిషిగా, కూర్చున్నాను. ఒక మడత కుర్చీ, మెడలో విజిల్, ఒళ్లో రౌతుల జాబితా, చేతిలో రేడియో. గుర్రం కంటికి కనిపించకముందే దాని ఊపిరి వినబడుతుంది. తర్వాత డెక్కల చప్పుడు. ఆ చప్పుడు ఒకే లయలో దగ్గరైతే జాబితా మీదికి తల దించుకునేదాన్ని. లయ తప్పిందంటే తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడేదాన్ని. మీ చివరి మూడు స్ట్రయిడ్లలో ఏం జరుగుతోందో నాకు చూడకుండానే వినబడుతోంది.

మీ స్నేహితురాలి విషయంలో మిమ్మల్ని తినేస్తున్నది ఆ సాయంత్రం మీరన్న మాట. దాని దగ్గరికి వచ్చేముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. 1999లో బ్రిటన్‌లో ఒక్క సీజన్‌లోనే ఐదుగురు ఈవెంటింగ్ రౌతులు చనిపోయారు. 'గుర్రమెక్కాక పడటం మామూలే' అని అంతకుముందు తేలిగ్గా అనేవాళ్లు కూడా ఆ ఏడాది నోరు మెదపలేకపోయారు. లార్డ్ హార్టింగ్టన్ అధ్యక్షతన వేసిన కమిటీ 2000లో నివేదిక ఇచ్చింది. అందులో అసలు మాట ఒకటే: గుర్రాలు పడిపోకుండా చేయగలిగినదంతా చేయాలి. రౌతు సంగతి ఎత్తకుండా గుర్రం సంగతే ఎందుకు ఎత్తారో మీకు తెలుసు. రౌతు ఒక్కడే జారి పడితే చాలావరకు దెబ్బలతో, విరిగిన కాలర్ ఎముకతో బయటపడతాడు. గుర్రంతో సహా పడితే, అందులోనూ గుర్రం పల్టీ కొడితే, అయిదారు వందల కిలోల బరువు మనిషి మీదికి వస్తుంది.

ఆ పల్టీకి కారణం పూర్తిగా యాంత్రికం. గుర్రం ముంగాలు పైభాగం, అంటే మోకాలికి పైన, లేదా ఛాతీ, కదలని ఫెన్సుకు తగిలి ఆగిపోతుంది. వెనకభాగం మాత్రం అదే వేగంతో ముందుకు వస్తూ పైకి లేస్తుంది. ఆగిన చోటే ఇరుసుగా మారి గుర్రం మొత్తం గిరగిరా తిరుగుతుంది. కాలు మోకాలి కింద తగిలితే చాలాసార్లు గుర్రం తడబడి నిలదొక్కుకుంటుంది. ఎక్కడ తగిలింది, ఎంత వేగంలో తగిలింది, గుర్రం ఎంత దగ్గర నుంచి లేచింది, ఫెన్సు కింది అంచు దానికి స్పష్టంగా కనిపించిందా లేదా, వెలుతురు లోంచి నీడలోకి దూకిందా, నేల జారిందా, గుర్రం అలిసిపోయి ఉందా, ఇన్ని కలవాలి. పోటీకి దిగిన వందమందిలో ఒక్కరికి కూడా ఇలాంటి పల్టీ రాదు. వచ్చినవాళ్లకు ఆ లెక్కతో పని లేదు.

ఇన్ని కారణాల మధ్య మీరన్న 'ఆలోచించక్కర్లేదు' అన్న మాటకు ఎంత బరువుంటుంది? కోర్సు నడిచేటప్పుడు వెడల్పాటి టేబుల్ చూసి మీరన్నట్టే అనని రౌతు నాకింతవరకు తారసపడలేదు. కోర్సు గీసేవాళ్లు కూడా కష్టమైన ఫెన్సుల మధ్య గుర్రానికీ రౌతుకూ కాస్త తెరిపి కావాలనే అలాంటివి పెడతారు. మీ స్నేహితురాలు తన కళ్లతో దాన్ని చూసింది, తన లెక్క తను వేసుకుంది, ఆ రోజు తన గుర్రాన్ని తను నడిపింది. ఆ నిర్ణయాలన్నీ తనవేనని ఒప్పుకోవడమే తన పట్ల మర్యాద. తప్పంతా మీ నెత్తిన వేసుకుంటే, తను మీ మాట పట్టుకుని నడిచిన చిన్నపిల్ల అయిపోతుంది.

ఒకటి మాత్రం దాచను. ఆలోచించక్కర్లేని ఫెన్సు అంటూ ఏదీ లేదు. తేలిగ్గా కనిపించేచోటే రౌతు కాళ్లు సడలిస్తాడు, వేగం పెరుగుతుంది, గుర్రం ముందుభాగం బరువెక్కుతుంది. దీన్ని నేరంగా మోయకండి, వచ్చేసారి కోర్సు నడిచేటప్పుడు గుర్తు పెట్టుకోండి. ఆ ప్రమాదం మీద నిర్వాహకులు నివేదిక తయారుచేసి ఉంటే అడిగి తెప్పించుకుని చదవండి, ఒంటరిగా మాత్రం చదవకండి. 2016 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 17, 19 ఏళ్ల అమ్మాయిలు ఇద్దరు ఇలాగే చనిపోయారు. వాళ్ల మరణాలపై జరిగిన విచారణ ఫలితం 2019లో బయటికి వచ్చింది. ఫెన్సు ఎలా కట్టారన్న దగ్గర్నుంచి వైద్యసాయం ఎలా అందిందన్న దాకా అన్నీ తరచి చూశారు. అలాంటి కాగితం చదవడం కష్టమే. అయినా ఊహించుకుంటూ గడిపే రాత్రుల కన్నా అది నయం.

మీ చేతుల సంగతి. మీరు దాన్ని పిరికితనం అంటున్నారు. నేను పేరు పెట్టను, జరిగేది చెప్తాను. చివరి మూడు స్ట్రయిడ్లలో పగ్గం లాగితే గుర్రం తల ఎత్తుతుంది, వీపు గుంట పడుతుంది, వెనక కాళ్లలో ఊపు చస్తుంది. నుదుటికి సరిగ్గా ఎదురుగా, మరీ దగ్గరగా ఉన్నది గుర్రానికి ఎలాగూ కనిపించదు. అది అంతకుముందు చూసిన లెక్కతోనే దూకుతుంది. మీరు సరిగ్గా ఆ సమయంలో లెక్క మార్చేస్తున్నారు. ఊపు లేకుండా, ఫెన్సు మొదట్లోకి దూసుకెళ్లి దూకితే ముంగాళ్లు పైకి మడవడానికి చోటుండదు. మోకాలికి పైన తగిలేది అలాంటప్పుడే. అంటే మీ భయం దేన్ని తప్పించాలని చూస్తోందో, మీ చేతులు దాన్నే దగ్గరికి లాగుతున్నాయి.

మరి మీ గుర్రం ఏం చేసింది? రెండుసార్లూ ఆగిపోయింది. మీరు దాన్ని వైఫల్యంగా రాశారు. నా లెక్కలో అది మీకు ఉపకారం చేసింది. అర్థం కానప్పుడు ఆగే గుర్రం మీద నా బిడ్డనైనా ఎక్కిస్తాను. అర్థమైనా కాకపోయినా రౌతు తొడలు నొక్కితే గుడ్డిగా లేచే గుర్రమంటేనే నాకు గుబులు. ఆగినందుకు దాన్ని కర్రతో కొట్టి ఉంటే ఇకమీద ఆ పని చేయకండి. వెన్ను, డెక్కలు ఒకసారి పశువైద్యుడికి చూపించండి. నొప్పి వల్ల కూడా గుర్రాలు ఆగుతాయి.

మీ కోచ్ మాటలో సగం నిజముంది. మనసులో భయాన్ని తప్పించుకుంటూ పోతే అది ముదురుతుంది. అయితే దానికి విరుగుడు పై స్థాయి పోటీయేనని ఎక్కడుంది? మోకాలెత్తు టేబులంత సైజులో రెండు గడ్డిమోపులు పెట్టి, ట్రాట్‌లో, అంటే మెల్లని పరుగులో, వచ్చి దూకండి. నలభై సార్లు దూకండి. సర్దుకోవాల్సినదంతా ఎనిమిది, పది స్ట్రయిడ్ల ముందే సర్దుకుని, ఆ తర్వాత చేతులు గుర్రం మెడ మీద ఆనించి ఉంచడం అలవాటయ్యేదాకా చేయండి. పైకి లెక్కపెట్టండి, గట్టిగా. నోరు తెరిచి లెక్కపెట్టేవాళ్లు ఊపిరి బిగబట్టలేరు, ఊపిరి ఆడుతుంటే చేతులు బిగుసుకోవు. ఇది చిన్నపిల్లల పాఠంలా ఉందని మీ కోచ్ నవ్వితే, ఆయన్ని ఒక ప్రశ్న అడగండి: 'నన్ను ఏ గుర్తు చూసి పోటీ నుంచి ఆపేస్తారు?' గుర్తు చెప్పగలిగే కోచ్ దగ్గర ఉండండి. 'నిన్ను ఆపాల్సిన అవసరమే రాదు' అనేవాళ్ల దగ్గర ప్రమాదముంది.

దీనితోపాటు మనసుకు చికిత్స చేసే నిపుణులను కూడా కలవండి. మైకు వినబడినప్పుడు గుండె దడదడలాడటం, ఆ దృశ్యం చూడకపోయినా కళ్ల ముందు మెదలడం లాంటివి ఉంటే దానికి పద్ధతిగా చేసే వైద్యం ఉంది. ధైర్యవచనాలు ఆ పని చేయలేవు. 'ఫలానా ఆవిడ చూడు ఎలా లేచి వచ్చిందో' అనే కథలు కూడా ఇప్పుడు దగ్గరికి రానివ్వకండి. 2013లో పడి, కోమాలోకి వెళ్లి, కుడి కంటి చూపు పోగొట్టుకున్న లారా కొలెట్ 2022లో బ్యాడ్మింటన్ పోటీ గెలిచారు. (షటిల్ ఆట కాదు, ఇంగ్లండ్‌లో ఆ పేరుగల ఊళ్లో జరిగే 5 స్టార్ ఈవెంట్ అది.) గొప్ప విషయమే, నాకూ ఆవిడంటే గౌరవం. కానీ తిరిగి వచ్చినవాళ్లే మైకు ముందు మాట్లాడతారు. 2014లో జర్మనీలోని లూమ్యూలెన్‌లో, 2024లో ఇంగ్లండ్‌లోని డెవన్‌లో చనిపోయినవాళ్లు కూడా అంతర్జాతీయ స్థాయి రౌతులే. వాళ్లకు ధైర్యం తక్కువై కాదు.

మీ ఆయన అడిగిన ప్రశ్నకు మీరు జవాబు చెప్పలేకపోయారు. చెప్పక్కర్లేదు కూడా. అది ప్రశ్న రూపంలో వచ్చిన భయం. పోటీ రోజుల్లో ఆయన ఎక్కడుంటారో మీరు రాయలేదు. ఇంట్లో ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చునే మనిషైతే, మీరు కోర్సులో ఉండే ఆ ఆరేడు నిమిషాలు ఆయనకు ఎంత పొడవో ఒకసారి అడిగి చూడండి. 'నేను నీ మాట వింటాను, బాబు కన్నా గుర్రం ఎక్కువ కాదు, కానీ ఆ రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నాకు మాట రాదు' అని మీరే ముందు చెప్పొచ్చు. తర్వాత లెక్కల్లోకి దిగండి. మీ జీవిత బీమా పాలసీ ఇలాంటి ఆటల్లో జరిగే ప్రమాదానికి వర్తిస్తుందా? కొన్ని పాలసీల్లో వర్తించకపోవచ్చు. నామినీ ఎవరు? మీరు నెలల తరబడి మంచాన పడితే బాబును ఎవరు చూస్తారు? ఇవి మాట్లాడితే అశుభమని చాలా ఇళ్లలో ఎత్తరు. ఆయన భయంలో సగం ఇవి ఎత్తకపోవడం వల్లే ఉండొచ్చు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఎనిమిది వారాల తర్వాత ఎలాగైనా వెళ్లొచ్చు. మీకు అర్హత ఉంది, ఎవరూ ఆపరు. కానీ ఆ అర్హత అంతకుముందు మీరూ మీ గుర్రమూ కలిసి చేసినదానికి వచ్చింది, ఇప్పటి మీ చేతులకు కాదు. పై స్థాయిలో వేగం పెరుగుతుంది, టేబుల్ వెడల్పు పెరుగుతుంది, ఆలోచించే సమయం తగ్గుతుంది. డాక్టర్ దగ్గర్నుంచి వచ్చేసరికే రెండు మూడు వారాలు పోతాయి. నేనైతే ఆ ఎంట్రీ రద్దు చేసుకుంటాను. డబ్బు పోతుంది, అర్హత గడువు దాటితే మళ్లీ తెచ్చుకోవాల్సి రావచ్చు, స్టేబుల్లో నలుగురూ నాలుగు మాటలంటారు. వాళ్లు అనుకోవడానికి ఇంకో సంగతి దొరికేదాకానే అది.

స్థాయి తగ్గించుకుని సీజనంతా అక్కడే ఉండొచ్చు. నాకు ఇది నచ్చుతుంది, అయితే కింది స్థాయి అంటే ప్రమాదం లేదని మీ ఆయనకు మాటివ్వకండి. సినిమా నటుడు క్రిస్టఫర్ రీవ్ 1995లో అమెరికాలోని కల్పెపర్‌లో పడింది పెద్ద ఫెన్సు దగ్గర కాదు. గుర్రం ఆగిపోతే ఆయన తలకిందులుగా పడ్డారు. మెడ విరిగి, 2004లో చనిపోయేదాకా చక్రాల కుర్చీలోనే ఉన్నారు. స్థాయి తగ్గితే వేగం తగ్గుతుంది, పొరపాటు సర్దుకునే వీలు పెరుగుతుంది. అంతవరకే చెప్పండి, అంతవరకు అది నిజం.

క్రాస్ కంట్రీ వదిలేసి డ్రెస్సేజ్‌కో షో జంపింగ్‌కో మారొచ్చు. గుర్రం ఉంటుంది, ఎక్కే ఆనందం ఉంటుంది. కొందరికి ఏడాది తిరిగేసరికి ఆ దౌడు లేని లోటు తెలుస్తుంది, కొందరు అసలు తలుచుకోనే తలుచుకోరు. మీరు ఏ రకమో మారి చూస్తేనే తెలుస్తుంది. మొత్తంగా మానేయడం కూడా దారే. కాకపోతే మీ ఆయన ప్రశ్నకు జవాబుగా మానేస్తే, పదేళ్ల తర్వాత ఏదో ఒక గొడవలో అది మీ నోట వస్తుంది, బాబు వింటాడు. మీకే చాలనిపించి మానేస్తే రాదు. ఏ దారైనా ఈ ఎనిమిది వారాల్లో తేల్చుకోవాలని ఏమీ లేదు. దిగులులో, అదీ తల నొప్పిగా ఉన్నప్పుడు, జీవితకాలపు నిర్ణయాలు చేయడానికి తొందరేముంది?

ఏదో ఒక రోజు మళ్లీ క్రాస్ కంట్రీ మొదలయ్యే స్టార్ట్ బాక్సులోకి వెళ్లాలనిపిస్తే, నిర్వాహకులను అడగాల్సినవి అడగండి. ఏయే ఫెన్సులకు విరిగే పిన్నులు, తెరుచుకునే క్లిప్పులు బిగించారు? 1999 మరణాల తర్వాత బ్రిటన్‌లో పరిశోధన చేసి తెచ్చిన పిన్నుతో ఇది మొదలైంది. స్వీడన్‌లో తయారైన మిమ్ క్లిప్ తర్వాత వచ్చింది. గుర్రం బలంగా తగిలితే దుంగ కిందికి జారిపోయి ఇరుసు తప్పుతుంది, పల్టీ తప్పుతుంది. టేబుళ్లకు కూడా అలాంటి ఏర్పాటు వచ్చింది గానీ అన్ని కోర్సుల్లోనూ కనిపించదు. అది తెరుచుకుంటే 11 పెనాల్టీ పాయింట్లు పడతాయి. తేలిగ్గా తగిలినా తెరుచుకుందని, మెడల్ పోయిందని గొణిగే రౌతులను చాలామందిని చూశాను. వాళ్ల బాధ కొంతవరకు న్యాయమే. కానీ గొణగడానికి వాళ్లు నిలబడి ఉన్నారు కదా అనుకుంటూ నా జాబితాలో టిక్కు పెట్టుకునేదాన్ని.

ఒంటిమీద వేసుకునే వాటి గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసినవే. ఎయిర్ వెస్ట్, అంటే గాలితో ఉబ్బే జాకెట్, జీనుకు తాడుతో కట్టి ఉంటుంది, మనిషి గుర్రం నుంచి విడిపోయి తాడు లాగితేనే ఉబ్బుతుంది. పల్టీలో గుర్రమూ రౌతూ కలిసే కిందికి వస్తారు. ఉబ్బినా, అయిదారు వందల కిలోలను అది మోయలేదు. బాడీ ప్రొటెక్టర్ మీద అదనంగా వేసుకోండి, దాన్ని నమ్ముకుని ఒక్క స్ట్రయిడ్ కూడా వేగం పెంచకండి. చేతికి కట్టే మెడికల్ కార్డులో తలకు తగిలిన దెబ్బ సంగతి రాయండి. చాలామంది బ్లడ్ గ్రూపు రాసి ఊరుకుంటారు.

ఇంకొకటి ప్రాక్టీస్ చేయండి, దీన్ని ఎవరూ నేర్పరు. కోర్సు మధ్యలో ఆపేయడం. ఇంట్లో ప్రాక్టీసులోనే, బాగా దూకుతున్న రోజున, కావాలని అయిదో ఫెన్సు తర్వాత నడకలోకి దించి, చెయ్యెత్తి, బయటికి వచ్చేయండి. పది పోటీలకు ఒక పోటీలోనైనా అవసరం పడే విద్య అది. చివరి నిమిషంలో వాచ్ చూసుకుని, ఆలస్యానికి పడే టైమ్ పెనాల్టీలు తప్పించుకోవాలని అలిసిన గుర్రాన్ని తరిమేవాళ్లను నా కుర్చీలోంచి ఎంతమందిని చూశానో. చెయ్యెత్తి నడిచి వచ్చినవాళ్లు చాలా తక్కువ. వాళ్ల పక్కన 'రిటైర్' అని రాసేటప్పుడు నా చేతికి ఎప్పుడూ హాయిగా ఉండేది.

వాచ్ అంటే గుర్తొచ్చింది. మీ వాచ్ టైమర్ ఆపాలా వద్దా అని మీరు అడగలేదు, నేనూ చెప్పను. కానీ ఆ పొద్దున తన వాచ్ ఆగిపోయిందని మీ దగ్గరికి వచ్చినప్పుడు తను ఏమందో, ఎలా ఉందో, నవ్విందో టెన్షన్ పడిందో, బహుశా మీకొక్కరికే తెలుసు. వాళ్లింట్లో వాళ్లకు ఆ రోజు గురించి తెలిసిందల్లా ఒక ఫోన్ కాల్, ఆ తర్వాత కాగితాలు. వాచ్ తీసుకుని ఒకసారి వెళ్లండి. ఆ చివరి పొద్దుటి సంగతులు చెప్పండి. కోర్సు నడిచేటప్పుడు మీరన్న మాట కూడా చెప్పాలనిపిస్తే చెప్పండి, అనిపించకపోతే ఇంకోసారి చెప్పొచ్చు. టైమర్ అక్కడే ఆగుతుందేమో, ఆగకపోయినా ఫరవాలేదు.

డాక్టర్ దగ్గరికి మాత్రం అంతకన్నా ముందే వెళ్లండి.